జేన్స్‌విల్‌లో పులి ఎవరి సొత్తు?

కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి కార్లో వెళ్లే తెలుగువాళ్లకి ఇంటర్‌స్టేట్ 70 బాగా అలవాటైన దారి. మొక్కజొన్న చేలు, సోయా చేలు దాటుతుంటే చదును నేల నెమ్మదిగా గుట్టలవుతుంది. గంట ప్రయాణం పూర్తికావస్తుండగా జేన్స్‌విల్ వస్తుంది. ఊళ్లోకి వెళ్లకముందే, పడమటి వైపున, హైవేకి కూతవేటు దూరంలో 73 ఎకరాల ఫారం ఒకటి ఉంది. పులులు, సింహాలు, చిరుతలు పదుల సంఖ్యలో పెరిగింది అక్కడే. ఒక మనిషి పులిని సొంతం చేసుకోవచ్చా అన్న ప్రశ్నను అమెరికా తప్పించుకోలేని స్థితికి తెచ్చింది కూడా ఆ ఫారమే.

జేన్స్‌విల్ పాతిక వేల జనాభా ఉన్న చిన్న ఊరు. ఒహాయోకి 1810 నుంచి రెండేళ్లు రాజధానిగా ఉంది. లికింగ్ నది వచ్చి మస్కింగమ్ నదిలో కలిసేది ఇక్కడే. ఆ కూడలి మీద మూడు కాళ్ల వంతెన కట్టారు. నది మధ్యదాకా వెళ్లి, అక్కడ ఎటు తిరగాలో తేల్చుకోవాలి. మొదటి వంతెనను 1814లో కట్టారు, ఇప్పుడున్నది 1984లో ప్రారంభమైన అయిదోది. ఇక్కడి బంకమట్టి మంచిది కాబట్టి కుండలు, పూలకూజాల పరిశ్రమ వర్ధిల్లింది. వెల్లర్, రోజ్‌విల్ పేర్లున్న పాత కూజాల కోసం పాతవస్తువులు సేకరించేవాళ్లు ఇప్పటికీ వెతుకుతారు. కౌబాయ్ నవలలతో పేరు తెచ్చుకున్న జేన్ గ్రే 1872లో ఈ ఊళ్లోనే పుట్టాడు. భూమి చుట్టూ కక్ష్యలో తిరిగిన మొదటి అమెరికన్ జాన్ గ్లెన్ పెరిగిన న్యూ కాంకర్డ్ ఇదే కౌంటీలో ఉంది. చెప్పుకోవడానికి ఇన్ని ఉన్నా, 2011 అక్టోబర్ 18 తర్వాత ఈ ఊరి పేరు వినగానే బయటివాళ్లకి గుర్తొచ్చేది మాత్రం జంతువులే.

ఆ రోజు సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో షెరీఫ్ ఆఫీసుకి ఫోన్లు మొదలయ్యాయి. ఎలుగుబంటి బయట తిరుగుతోంది, సింహం బయట తిరుగుతోంది అని చుట్టుపక్కలవాళ్లు చెబుతున్నారు. డిప్యూటీలు ఫారం చేరేసరికి బోనుల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కొన్నిచోట్ల వలకంచెను కత్తిరించారు. యజమాని చనిపోయి పడి ఉన్నాడు. అరవై రెండేళ్ల ఆ మనిషి వియత్నాం యుద్ధంలో పనిచేశాడు. తుపాకుల కేసులో ఏడాది ఫెడరల్ జైల్లో ఉండి ఇంటికొచ్చి మూడు వారాలు కూడా కాలేదు. తన జంతువుల్ని వదిలేసి తుపాకీతో కాల్చుకున్నాడు.

షెరీఫ్ మ్యాట్ లట్జ్ ముందు అప్పుడున్నది గంటన్నర, మహా అయితే రెండు గంటల వెలుతురు. ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క క్షణానికొక కారు పోయే హైవే. ఒక్క జంతువు కూడా ఆ నేల దాటకూడదని, దాటబోతే కాల్చేయమని ఆయన ఆదేశమిచ్చాడు. ఆ డిప్యూటీలు దొంగల్ని, తాగి బండి నడిపేవాళ్లని పట్టుకునే మనుషులు. పులిని ఎక్కడ కొడితే పడిపోతుందో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. కొందరి చేతుల్లో రైఫిళ్లున్నాయి, కొందరికి నడుముకున్న పిస్టల్ తప్ప మరేమీ లేదు. చీకటి పడ్డాక వేట ఇంకా కష్టమైంది. హైవే మీద ఎలక్ట్రానిక్ బోర్డులు కారు దిగొద్దని హెచ్చరించాయి. మర్నాడు బడులు మూసేశారు.

ఫారంలో మొత్తం 56 జంతువులున్నాయని లెక్క తేలింది. మూడు చిరుతలు, ఒక గ్రిజ్లీ ఎలుగు, రెండు కోతులు మాత్రం ప్రాణాలతో దొరికాయి. చనిపోయినవాటిలో 18 బెంగాల్ పులులు, 17 సింహాలు, 8 ఎలుగుబంట్లు, 3 ప్యూమాలు, 2 తోడేళ్లు ఉన్నాయి. తడిసిన గడ్డి మీద వాటిని వరసగా పడుకోబెట్టిన ఫొటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. ఆ ఫొటో చూసినవాళ్ల ఆగ్రహం షెరీఫ్ ఆఫీసు టెలిఫోన్ల మీద విరుచుకుపడింది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పట్టుకోవచ్చు కదా అన్నది అందరి ప్రశ్న.

దానికి జవాబు మర్నాడు పొద్దున్నే దొరికింది. పొదల్లో ఒక పులి మిగిలిపోయింది. సాయానికి వచ్చిన పశువైద్యురాలు తుపాకీతో దానికి మత్తు సూది వేసింది. సూది తగలగానే పులి గర్జిస్తూ లేచింది, పక్కనున్న డిప్యూటీలు కాల్చేశారు. సినిమాల్లో చూపించినట్టు మత్తు క్షణాల్లో ఎక్కదు. జంతువు బరువుని బట్టి మోతాదు లెక్క కట్టాలి, సూది సరైన కండలో దిగాలి. ఆ తర్వాత కూడా నిమిషాలు గడవాలి. బెదిరిన పులి ఆ నిమిషాల్లో ఎంత దూరం పోతుందో ఎవరూ చెప్పలేరు. చీకట్లో పొదల మధ్య పడిపోయిందా, పొంచి ఉందా అన్నది దగ్గరికి వెళ్లి చూస్తే గానీ తెలియదు. కొలంబస్ జూకి దశాబ్దాల పాటు ముఖచిత్రంగా ఉన్న జాక్ హన్నా ఆ రోజు అక్కడికొచ్చి, కళ్లలో నీళ్లతోనే షెరీఫ్ నిర్ణయాన్ని సమర్థించాడు. నాకూ అదే సరైన మాట అనిపిస్తుంది. ఆ రాత్రి ఫారంలో తప్పు చేసినవాడి కోసం డిప్యూటీల్లో వెతకడం అన్యాయం. వాళ్లని ఆ చీకట్లోకి పంపిన తప్పు చాలా ఏళ్ల ముందే జరిగింది.

కుక్కకి బిళ్ల, పులికి ఏమీ లేదు

ఒహాయోలో కుక్కని పెంచుకోవాలంటే కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకోవాలి. మూడు నెలలు దాటిన ప్రతి కుక్క మెడలోనూ బిళ్ల ఉండాలి. ఆఫ్రికా సింహాన్నో, ఆసియా పులినో ఇంటి వెనక పెంచుకుంటే మాత్రం 2011 దాకా రాష్ట్రం పట్టించుకోలేదు. పులితో డబ్బులు సంపాదిస్తే, అంటే జనానికి చూపించి టికెట్టు వసూలు చేసినా కూనల్ని అమ్మినా, 1966 నాటి జంతు సంక్షేమ చట్టం కింద కేంద్ర వ్యవసాయ శాఖ లైసెన్సు కావాలి. ఊరికే ముచ్చటకి పెంచుకుంటే ఆ శాఖ ఇన్‌స్పెక్టరు కూడా గేటు తట్టడు.

ఆ ఫారం సంగతి షెరీఫ్ ఆఫీసుకి తెలియక కాదు. 2004 నుంచి దాని మీద ముప్పైకి పైగా ఫిర్యాదులు వచ్చాయి. జంతువుల పట్ల క్రూరత్వం కేసులో 2005లో యజమానికి శిక్ష పడింది. డిప్యూటీలు వెళ్లారు, చూశారు, తిరిగొచ్చారు. కంచె బలహీనంగా ఉందని చెప్పగలిగినా, ఇన్ని పులులు నీకెందుకని అడిగే అధికారం వాళ్లకి లేదు. అన్నీ తెలిసి కూడా చేతులు కట్టుకుని ఉండాల్సి రావడం కన్నా పోలీసుకి ఇంకో దురవస్థ ఉండదు.

ఇంకా మనసు కలుక్కుమనే సంగతి ఒకటుంది. 2011 జనవరిలోనే గవర్నర్ టెడ్ స్ట్రిక్‌ల్యాండ్ పదవి దిగిపోతూ, ప్రమాదకర జంతువుల్ని కొత్తగా కొనడాన్ని ఆపుతూ అత్యవసర ఉత్తర్వు ఇచ్చాడు. అంతకు కొద్ది నెలల ముందే రాష్ట్రంలో ఇంకోచోట ఒక పెంపుడు ఎలుగుబంటి తన సంరక్షకుణ్ని చంపేసింది. క్రూరత్వం కేసుల్లో శిక్షపడ్డవాళ్లు ఇలాంటి జంతువుల్ని ఉంచుకోకూడదన్న నిబంధన కూడా ఆ ఉత్తర్వులో ఉందని జంతు సంరక్షణ సంఘాలు తర్వాత గుర్తుచేశాయి. ఉత్తర్వు గడువు 90 రోజులు. కొత్త గవర్నర్ జాన్ కేసిక్ దాన్ని పొడిగించలేదు. అమలుచేసే అధికారం చట్టం ఇవ్వలేదని, మెరుగైన చట్టం కోసం కమిటీ పనిచేస్తుందని ఆయన ప్రభుత్వం చెప్పింది. ఆ వాదనలో న్యాయపరంగా బలం లేకపోలేదు. అయితే ఏప్రిల్‌లో ఉత్తర్వు ముగిసింది, అక్టోబర్‌లో బోనులు తెరుచుకున్నాయి.

ప్రాణాలతో మిగిలిన ఆరు జంతువుల్ని కొలంబస్ జూకి తీసుకెళ్లారు. అక్కడ ఎన్‌క్లోజర్ మార్చేటప్పుడు గేటు తగిలి ఒక చిరుత చనిపోయింది. మిగిలిన అయిదింటిని ఏం చేయాలన్నది తెగని తగవైంది. చట్టం దృష్టిలో అవి చనిపోయిన యజమాని భార్యకి దక్కాల్సిన ఆస్తి. రాష్ట్రం అంటువ్యాధుల పేరుతో కొన్నాళ్లు క్వారంటైన్‌లో పెట్టింది. జబ్బులేవీ లేవని తేలాక పట్టి ఉంచడానికి కారణం మిగల్లేదు. 2012 మేలో రెండు చిరుతలు, గ్రిజ్లీ ఎలుగు, రెండు కోతులు ట్రక్కెక్కి మళ్లీ అదే ఫారానికి, అవే గేట్ల వెనక్కి చేరాయి. ప్రపంచమంతా చూసిన విషాదం జరిగి ఆరు నెలలు గడిచినా, అలా జరగకూడదని చెప్పడానికి ఒహాయో చట్టంలో ఒక్క వాక్యం కూడా లేదన్నమాట.

ఆ వాక్యం నెల తర్వాత వచ్చింది. 2012 జూన్ 5న కేసిక్ సెనేట్ బిల్ 310 మీద సంతకం చేశాడు. పులి, సింహం, చిరుత, జాగ్వార్, చీతా, ప్యూమా, లింక్స్, కారకల్, సర్వల్, ఎలుగు, ఏనుగు, మొసలి, ఇలా పేరుపేరునా ప్రమాదకర జంతువుల జాబితా తయారైంది. వీటిని కొత్తగా కొనకూడదు, అమ్మకూడదు, వేలం వేయకూడదు. ఉన్నవాళ్లు నవంబర్ 5లోగా నమోదు చేయించి, జంతువు చర్మం కింద మైక్రోచిప్ పెట్టించాలి. 2014 నుంచి పర్మిట్ తప్పనిసరి. అది దొరకాలంటే నేరచరిత్ర ఉండకూడదు, బోను కొలతలు సరిపోవాలి, రెండు లక్షల నుంచి పది లక్షల డాలర్ల దాకా బీమా ఉండాలి. గుర్తింపు పొందిన జూలకి మినహాయింపు ఇచ్చారు.

పెంపకందార్లు కోర్టుకెక్కారు. మైక్రోచిప్ పెట్టడమంటే మా ఆస్తిని ఆక్రమించడమేనని, మినహాయింపు కోసం జూల సంఘాల్లో చేరమనడం మా ఇష్టానికి విరుద్ధంగా సంఘం కట్టించడమేనని వాదించారు. 2014 మార్చిలో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ రెండు వాదనల్నీ తోసిపుచ్చింది. సంఘంలో చేరమని ఎవరూ బలవంతపెట్టలేదు, పర్మిట్ తీసుకునే దారి తెరిచే ఉందని చెప్పింది. చిప్ అనేది ఆస్తి వాడకం మీద పెట్టిన నియమమే తప్ప ఆస్తిని లాక్కోవడం కాదంది. ఈ తీర్పు చదివితే ఒకటి స్పష్టమవుతుంది. పులి ఆస్తేనన్న మాటని కోర్టు కూడా కాదనలేదు. ఆస్తి మీద కూడా రాష్ట్రానికి హద్దులు గీసే హక్కుందని చెప్పి ఊరుకుంది.

జేన్స్‌విల్ దారిలోనే, కొలంబస్ తూర్పు శివార్లలో రెనాల్డ్స్‌బర్గ్ వస్తుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖ ఆవరణ అక్కడే ఉంది. స్వాధీనం చేసుకున్న జంతువుల్ని తాత్కాలికంగా ఉంచడానికి ప్రభుత్వం అక్కడ దాదాపు 29 లక్షల డాలర్లతో భవనం కట్టింది. 2015 జనవరిలో టొలీడో దగ్గర పర్మిట్ లేని ఒక ప్రైవేటు స్థలం నుంచి ఆరు పులుల్ని, ఒక సింహాన్ని, ఎలుగుని, ప్యూమాని, నల్ల చిరుతని, ఒక లైగర్‌ని ఇక్కడికి తెచ్చారు. రాష్ట్రం ఒక్క తూటా పేల్చలేదు. బోను తర్వాత బోనుని ట్రక్కెక్కించి తీసుకొచ్చారు. చట్టానికి ముందూ తర్వాతా ఉన్న తేడా ఇదే.

కూన దగ్గరే ఆపాలి

పెద్దపులి గురించి చేసే ఏ చట్టమైనా ఎదిగిన పులి దగ్గర మొదలైతే ఆలస్యమైనట్టేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. రెండు వందల కిలోల జంతువు విషయంలో చేయడానికి మంచి పనంటూ ఏదీ మిగలదు. అడవికి పంపితే బతకదు, దానికి వేట రాదు, మనిషంటే భయం లేదు. జూలు తీసుకోవు, ఏ ఉపజాతో తెలియని పులికి వాటి సంతానోత్పత్తి కార్యక్రమాల్లో చోటు లేదు. రెస్క్యూ కేంద్రాలు దాన్ని పదిహేను, ఇరవయ్యేళ్లు మేపాలి. చంపాలంటే ఎవరికీ మనసొప్పదు. అందుకే అడ్డుకోవాల్సింది కూనని అమ్మేచోట, కొనేచోట.

జేన్స్‌విల్ ఫారం కూడా ఒక సింహం కూనతోనే మొదలైంది. ఈశాన్య ఒహాయోలో అమిష్ రైతులుండే హోమ్స్ కౌంటీలో మౌంట్ హోప్ అనే చిన్న ఊరుంది. అక్కడి పశువుల వేలంశాలలో ఏటా కొన్ని రోజులు విదేశీ జంతువుల్ని కూడా అమ్మేవారు. పాలుతాగే కూన ధర మేలుజాతి కుక్కపిల్ల ధరని మించని రోజులవి. ఇంటికి తెచ్చుకున్నాక మొదటి ఆరు నెలలూ సంబరమే. తర్వాత సోఫా చిరుగుతుంది, కంచె వేయాల్సొస్తుంది, మాంసం ఖర్చు నెలనెలా పెరుగుతుంది. పెంచలేనివాళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ ఫారంలోని జంతువుల్లో అలా ఇతరులు వదిలించుకున్నవి చాలానే ఉన్నాయి. ఆ మనిషి వాటిని ప్రేమించలేదని నేననలేను. ఆయన్ని ఎరిగినవాళ్లు కూడా ప్రేమించాడనే చెప్పారు. ఆ ప్రేమ చేతికి అన్ని బోనుల తాళంచెవుల్నీ ఇవ్వడమే తప్పు.

కూనల సరఫరాలో చాలాభాగం పెట్టింగ్ వ్యాపారం నుంచే వచ్చేది. రోడ్డు పక్కన పెట్టిన చిన్న జూలో డబ్బులు కట్టి పులికూనని ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగడం ఆ వ్యాపారం. ఎనిమిది వారాల్లోపు కూనకి రోగాలు తట్టుకునే శక్తి ఉండదు, పన్నెండు వారాలు దాటితే పంజా దెబ్బకి మనిషి తట్టుకోలేడు. అంటే ఒక కూన డబ్బు తెచ్చేది ఒకే ఒక్క నెల. ఏడాదంతా ఒళ్లో కూన ఉండాలంటే ఏడాదంతా తల్లిపులి ఈనుతూనే ఉండాలి. కూనని పాలు మరవకముందే తల్లి నుంచి లాగేస్తే అది మళ్లీ తొందరగా ఎదకొస్తుంది. నెల గడిచిన కూనలన్నీ ఎక్కడికి పోయాయో కాగితం మీద ఎక్కడా ఉండేది కాదు. 1998లో కేంద్ర వన్యప్రాణి శాఖ సంకరజాతి పులుల్ని రిజిస్ట్రేషన్ నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు 2016 దాకా నడిచింది. దేశంలో అయిదు వేల పులులు ప్రైవేటు చేతుల్లో ఉన్నాయన్న మాట పదేపదే వినిపించేది. అది అంచనా మాత్రమే, లెక్కపెట్టినవాళ్లు లేరు. మన దేశపు అడవుల్లోని పులుల్ని కెమెరాలు కట్టి, చారలు పోల్చి లెక్కపెడతాం. 2022 గణనలో సగటు అంచనా 3,682 వచ్చింది. నల్లమల అడవిలో తిరిగే పులికి నంబరుంటుంది, ఫొటో ఉంటుంది. ఇంటి వెనక బోనులో ఉన్న పులికి అమెరికాలో ఆ రెండూ ఉండేవి కావు.

ఫెడరల్ చట్టం నెమ్మదిగా కదిలింది. పెంపుడు జంతువుగా పెద్ద పిల్లి జాతుల్ని రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తరలించడాన్ని 2003లోనే ఆపారు. అదే రాష్ట్రంలో కొని, అదే రాష్ట్రంలో పెంచుకుంటే మాత్రం ఆ చట్టం వర్తించదు. 2020లో ఓక్లహోమాలోని ఒక పులుల వ్యాపారి కథ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చి లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉన్న జనమంతా చూశారు. ఆ సందడిలో పులుల బాధ కన్నా మనుషుల గొడవలే ఎక్కువ కనిపించాయి. అయినా విషయం కాంగ్రెస్ దాకా చేరడానికి అది కూడా పనికొచ్చింది. 2022 డిసెంబర్ 20న జో బైడెన్ బిగ్ క్యాట్ పబ్లిక్ సేఫ్టీ యాక్ట్ మీద సంతకం పెట్టాడు. సింహం, పులి, చిరుత, మంచు చిరుత, క్లౌడెడ్ లెపర్డ్, జాగ్వార్, చీతా, ప్యూమా, వీటి సంకరాలు, వేటినీ ఇకపై ఇంట్లో పెంచుకోకూడదు. అప్పటికే ఉన్నవాటిని 2023 జూన్ 18లోగా నమోదు చేయించి, అవి బతికినంతకాలం ఉంచుకోవచ్చు, పిల్లల్ని పుట్టించకూడదు. అన్నిటికన్నా నాకు నచ్చిన క్లాజు కూనల గురించినది. లైసెన్సున్న ప్రదర్శకులు కూడా జనం చేతికి కూననివ్వకూడదు. ఆ ఒక్క నెల వ్యాపారం మూతపడితే, తర్వాతి ఇరవయ్యేళ్ల బోనులు వాటంతటవే తగ్గుతాయి.

అదే కౌంటీలో ఇంకో కంచె

జేన్స్‌విల్ నుంచి దక్షిణంగా కంబర్లాండ్ వైపు వెళితే అదే మస్కింగమ్ కౌంటీలో ద వైల్డ్స్ అనే చోటు ఉంది. ఒకప్పుడు బొగ్గు కోసం పైపొరంతా తవ్వేసిన నేల. దాదాపు పది వేల ఎకరాల ఆ గనిభూమిలో గడ్డి మొలిపించి, ఖడ్గమృగాలు, జిరాఫీలు, అడవి గుర్రాల్ని పెంచుతున్నారు. చీతాలు కూడా ఉన్నాయి. అక్కడ జంతువుకి వంశవృక్షం రాసి ఉంటుంది, ఏ ఆడ చీతాని ఏ మగ చీతాతో కలపాలో జూల సంఘం తేలుస్తుంది. కొలంబస్ జూ సంస్థే దీన్ని నడుపుతోంది.

మంచి జూ, చెడ్డ ఫారం అని ఇక్కడితో గీత గీసేస్తే కథ తేలికగా ముగిసేది. కానీ 2021లో అదే కొలంబస్ జూ గుర్తింపును అమెరికా జూల సంఘం రద్దు చేసింది. ఆర్థిక అక్రమాలు ఒక కారణం. టీవీ కార్యక్రమాల కోసం చిన్న కూనల్ని గుర్తింపులేని వ్యాపారుల నుంచి తెప్పించి, తర్వాత అలాంటిచోట్లకే పంపారన్నది రెండో కారణం. రాత్రిపూట టాక్‌షోలో స్టూడియో దీపాల కింద కూనని చూసి ముచ్చటపడ్డ అమెరికన్లలో ఎందరికి సొంతంగా ఒకటి కావాలనిపించిందో! జూ తన పద్ధతి మార్చుకుంది, ఫెడరల్ బిల్లుకి మద్దతు పలికింది, 2023లో గుర్తింపు తిరిగి తెచ్చుకుంది. నియమం పెద్ద సంస్థకీ చిన్న ఫారానికీ ఒక్కటిగా ఉండాలని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

మన దగ్గర ప్రశ్నే వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్రమంగా పట్టుకున్న, ఉంచుకున్న పులి ప్రభుత్వ ఆస్తి. ప్రైవేటు వ్యక్తికి అది సొత్తు కానే కాదు. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూలు జంతువుల నేరాలకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. అయితే సర్కస్ పులుల్ని మాత్రం మనం కూడా ఆలస్యంగానే విడిపించాం. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతుల ప్రదర్శనని నిషేధిస్తూ 1998లో ఇచ్చిన నోటిఫికేషన్‌ను సుప్రీంకోర్టు 2001లో సమర్థించాక, వాటిని ఎక్కడ పెట్టాలన్నది మనకీ ఎదురైంది. కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పాటుచేసిన రెస్క్యూ కేంద్రాల్లో రెండు తిరుపతి, విశాఖపట్నాల్లో ఉన్నాయి. అక్కడికి చేరిన సింహాల్లో చాలావాటిలో ఆసియా, ఆఫ్రికా రక్తాలు కలిసిపోయాయి. అందుకే వాటిని జత కట్టనివ్వకుండా, చివరిదాకా మేపుతూ వచ్చారు. ఒక చెడు అలవాటుని నిజాయితీగా ముగించడమంటే అదే. ఖర్చవుతుంది, ఏళ్లు పడుతుంది, ఫొటోలకి పనికిరాదు.

మన చట్టంలో సందు ఇంకోచోట ఉండేది. విదేశీ జంతువుల గురించి అది చాలాకాలం మాట్లాడలేదు. దేశంలోకి దొంగచాటుగా దిగినవి సంతలో కనిపిస్తే అడిగే నాథుడు లేడు. 2020లో కేంద్రం స్వచ్ఛందంగా వివరాలివ్వమంది, 2022 సవరణ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ జంతువుల నమోదుని తప్పనిసరి చేసింది, 2024లో నియమాలు వచ్చాయి. ఒహాయో దెబ్బతిని చేసిన పనిని మనం దెబ్బ తగలకముందే చేశాం. అమలు అంతే గట్టిగా ఉండాలి.

ఆంధ్ర నుంచి ఉక్రెయిన్ వెళ్లి స్థిరపడిన ఒక డాక్టరు కథ 2022 మార్చిలో మన పత్రికలన్నీ రాశాయి. జాగ్వార్‌నీ నల్ల చిరుతనీ సొంతబిడ్డల్లా పెంచుకున్న ఆయన, యుద్ధం వచ్చినా వాటిని వదిలి రానని నేలమాళిగలో వాటితోనే ఉండిపోయాడు. భారతీయుల్ని తరలించే విమానాల్లోకి మనుషులు ఎక్కగలరు, జాగ్వార్‌లు ఎక్కలేవు. తర్వాత డబ్బు కోసం పోలండ్ వెళ్లాల్సొచ్చి, వాటిని ఇంకొకరికి అప్పగించి, కాపాడమని ప్రభుత్వాల్ని వేడుకున్నాడు. ఆయన ప్రేమ చూసి నాకు గౌరవం కలిగింది. ఒక మనిషి పరిస్థితి తలకిందులైతే ఆ జంతువుల పరిస్థితీ తలకిందులు కాకుండా చూడాల్సినది ఆ మనిషి మంచితనం కాకూడదు, వ్యవస్థ కావాలి. జేన్స్‌విల్‌లోనైనా ఉక్రెయిన్‌లోనైనా జంతువు బతుకు ఒకే ఒక్క ప్రాణానికి ముడిపడి ఉంది.

ఒహాయో చట్టం పనిచేస్తోందా అన్నదానికి 2022 జనవరిలో సిన్సినాటిలో జరిగినదొకటి చెప్పుకోవచ్చు. పోలీసులు కారు ఆపినప్పుడు అందులోంచి పొడుగుకాళ్ల చుక్కల పిల్లి ఒకటి దూకి చెట్టెక్కింది. జంతు సంరక్షణ సిబ్బంది దించేటప్పటికి దాని కాలు విరిగింది. డీఎన్ఏ పరీక్షలో అది ఆఫ్రికా సర్వల్ అని తేలింది, ఒంట్లో కొకైన్ ఆనవాళ్లు కూడా బయటపడ్డాయి. సర్వల్ రాష్ట్ర జాబితాలో ఉంది కాబట్టి దాన్ని తిరిగి ఇంటికి పంపే ప్రశ్నే రాలేదు. యజమాని వదులుకున్నాడు, కాలికి వైద్యం చేశారు, సిన్సినాటి జూ తీసుకుంది. ఒహాయో నది దాటి అవతలి రాష్ట్రాలకి వెళితే ఇదే పిల్లికి ఒక్కోచోట ఒక్కో నియమం. ఫెడరల్ చట్టం జాబితాలో సర్వల్, కారకల్ ఇప్పటికీ లేవు.